అమ్మ తిట్టిన ఇంగ్లీషు సారు

మా ఇంగ్లీషు సారు పోయారన్న కబురు వాట్సాప్‌లో వచ్చింది. ఎల్లారెడ్డి టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఎవరో రాశారు. 'ఇంగ్లీషు సారు పొద్దున పోయిండు. సాయంత్రం అసర్ నమాజ్ అయినంక మట్టి.' దాని కింద వరసగా దండాల బొమ్మలు. నేనూ ఒక దండం పెట్టబోయి ఆగిపోయాను.

నా ముందు తొమ్మిదో తరగతి జవాబు పత్రాల కట్ట ఉంది. ఆరో ప్రశ్న, ఖాళీలు పూరించండి. 'మా సారు నన్ను పిలిచాడు' అనే అర్థం వచ్చే వాక్యంలో చివర 'మి' అని రాయాలి. నలభై మందిలో ముప్పై మంది 'ఐ' అని రాశారు. వాళ్లకు పాఠం చెప్పింది నేనే. అదే తప్పును పొద్దున్నుంచి దిద్దీ దిద్దీ చెయ్యి గుంజుతోంది. ఈ మధ్య నాకు బడికి రాకముందే అలసటగా ఉంటోంది.

అమ్మకు చెప్పాలి అనుకున్నాను. సారు పోయారని కాదు, ఆ కబురు ఎవరైనా చెబుతారు. మా బాపు గల్ఫ్‌లో ఇరుక్కుపోవడానికి కారణం సారు కాదమ్మా, నేను, అని చెప్పాలి. పదిహేనేళ్లుగా చెప్పాలనుకుంటున్న మాట అది. సారు ఉన్నారు కదా, చెప్పవచ్చులే అనుకుంటూ గడిపాను. ఇప్పుడు ఆయన లేరు. అమ్మ మాత్రం ఆయన్ని ఇంకా తిడుతూనే ఉంది.

సారు సన్నగా, కొంచెం వంగి ఉండేవారు. తరగతిలోకి రాగానే గొడుగును కిటికీ ఊచకు తగిలించి, రెండు చేతులతో మొహం తుడుచుకుని, "అల్సిపోయిన పొండి" అనేవారు. అప్పటికి ఇంకా మొదటి పీరియడే! మేం కిసుక్కున నవ్వేవాళ్లం. అంత అలసిపోయిన మనిషి కూర్చోవాలి కదా, కూర్చోరు. కుర్చీలో ఆయన సంచి కూర్చునేది.

"సార్, కూసోండ్రి సార్" అని మేం అంటే, "నేను కూసుంటె మీరు పండుకుంటరు. నాకెర్క లేదా మీ కత" అనేవారు.

శుక్రవారం నమాజుకు వెళ్లి, చెప్పిన నిమిషానికి తిరిగి వచ్చేవారు. రంజాన్ నెలలో పెదవులు పగిలి ఉండేవి. గొంతు మాత్రం ఒక్క పిసరు తగ్గేది కాదు. అలసట గురించి అంతగా చెప్పుకున్న మనిషి మరొకరిని నేను చూడలేదు. ఆయన సెలవు పెట్టిన రోజు కూడా నాకు గుర్తులేదు.

మిగతా సార్లు వ్యాకరణం బోర్డు మీద చెప్పేవాళ్లు. ఈయన మమ్మల్ని నడిపించి చెప్పేవారు. ఒక అట్ట ముక్క మీద 'కాల్డ్' అని రాసి, దానికి సుతిలి కట్టి, తరగతిలో ఎక్కువ అల్లరి చేసేవాడి మెడలో వేసి మధ్యలో నిలబెట్టేవారు. వాడు క్రియ. కదలకూడదు. మాట్లాడకూడదు. వాడికి అంతకంటే పెద్ద శిక్ష లేదు. వాడికి ఎడమ పక్కన ఒకరు, కుడి పక్కన ఒకరు.

ఒకరోజు నన్ను ఎడమ పక్కన నిలబెట్టారు.

"ఇక్కడ నువ్వెవరు?"

"ఐ సార్."

"ఇప్పుడు వాన్ని దాటి అటు పో. పోయినవా? ఇప్పుడెవరు?"

"మి సార్."

"మళ్ల ఇటు రా. ఇప్పుడు?"

"ఐ సార్."

"మనిషి మారిందా?"

"లే సార్" అని తరగతి మొత్తం అరిచింది.

"మరేం మారింది?"

"జాగ సార్!"

"శాబాష్. పిలిచెటోళ్లు ఇటు, పిలిపిచ్చుకునెటోళ్లు అటు. ఇంగ్లీషోడు జాగ జూసి పేరు వెడ్తడు."

అలా అందరం ఒక్కొక్కరం క్రియను దాటి అటు, ఇటు నడిచాం. హి దాటితే హిమ్, షి దాటితే హర్, వి దాటితే అస్. మధ్యలో నిలబడ్డవాడు నవ్వు ఆపుకోలేక చచ్చిపోయేవాడు. నేనిప్పుడు ప్రొజెక్టర్ పెట్టి చెబుతున్నాను. నా పిల్లలు అటూ ఇటూ నడవడం లేదు, కాబట్టి 'ఐ' దగ్గరే నిలబడిపోయారేమో.

వాక్యంలో మనుషులు ఇద్దరు కలిసి వస్తే మాకు పొరపాటు జరిగేది. 'ఆయన అమ్మను, నన్ను పిలిచాడు' అని చెప్పమంటే నేను ఠక్కున 'మై మదర్ అండ్ ఐ' అనేసేదాన్ని. 'ఐ' అంటే కొంచెం గొప్ప ఇంగ్లీషు అని నా నమ్మకం.

"అమ్మను జర పక్కకు జరుపు" అనేవారు సారు. "ఇప్పుడు చెప్పు. హి కాల్డ్ ఐ అంటవా?"

"అనను సార్."

"మరి అమ్మ పక్కకొచ్చి నిలబడంగనే నువ్వేమన్న పెద్దదానివైనవా?"

తరగతి గొల్లుమనేది. నాకు ఉడుకుమోత్తనం ఎక్కువ, కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఆయన అది చూసి, "ఏడ్వకు, కలెక్టర్ల కాడ గూడ గిదే తప్పుంటది" అని సముదాయించేవారు.

ఒకసారి మమ్మల్ని వ్యాసరచన పోటీకి కామారెడ్డి తీసుకెళ్లారు. బస్టాండు ఎదురుగా ఏదో స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్ వాళ్ల పెద్ద ఫ్లెక్సీ ఉంది. 'మమ్మల్ని సంప్రదించండి' అని చెప్పడానికి 'కాంటాక్ట్ వి' అని రాశారు. సారు ఆగిపోయారు. అటు బస్సు కదిలేలా ఉంది. "రెండు నిముషాలు" అని మమ్మల్ని నిలబెట్టి మెట్లెక్కి పైకి వెళ్లారు. కాసేపటికి చేతిలో ఒక రంగు కాగితంతో దిగివచ్చారు.

"ఏమన్నరు సార్? మారుస్తరట్నా?"

"యాడ మారుస్తరు! నన్నే చేరుమన్నరు. ముసలోళ్లకు ఫీజుల తక్కువ జేస్తరట."

తిరుగు బస్సు ఎల్లారెడ్డి చేరేదాకా మేం నవ్వుతూనే ఉన్నాం. ఆయన కిటికీకి తల ఆనించి, కళ్లు మూసుకుని, పెదవుల చివర నవ్వుకున్నారు.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. నోట్సులో కొట్టివేత ఉండకూడదు. తప్పు రాస్తే దాని మీద గీత కొట్టి పక్కన సరిదిద్దడం ఒప్పుకోరు. పేజీ మొత్తం మళ్లీ రాయాలి. "గీత గొడ్తె కన్ను దాని మీదికే పోతది. సాఫ్ రాయుండ్రి" అనేవారు. మేం తిట్టుకుంటూ రాసేవాళ్లం. ఆ అలవాటు నా ఒంట్లోకి ఎంతగా దిగిపోయిందంటే, దాని సంగతే ఇప్పుడు చెప్పాలి.

నేను పదో తరగతిలో ఉండగా బాపు గల్ఫ్‌లో ఉన్నాడు. ఏసీ పని అని తీసుకెళ్లి ఎడారిలో గొర్రెలు కాయడానికి పెట్టారు. అక్కడ తిండి కూడా సరిగా లేక పారిపోయి, ఖల్లివల్లి అయ్యాడు. కంపెనీ వదిలేసి, కాగితాలు లేకుండా దొంగతనంగా పని చేసుకునేవాళ్లని మా దగ్గర అట్లా అంటారు. ఎప్పుడు పోలీసులు పట్టుకుంటారో తెలియదు. అమ్మ పగలంతా బీడీలు చుడుతూ ఫోను వంక చూస్తుండేది.

అప్పుడే ఆ దేశంవాళ్లు కొద్దిరోజులు మాఫీ ఇచ్చారు. కాగితాలు లేనివాళ్లు ఆ గడువులోగా జరిమానా, జైలు లేకుండా ఇంటికి వెళ్లిపోవచ్చు. బాపు పాస్‌పోర్టు జిరాక్స్, ఇంటివాళ్ల అర్జీ కలిపి అక్కడి మన ఎంబసీలో ఇస్తే ఆ దేశం దాటడానికి అవుట్‌పాస్ దొరుకుతుందన్నారు. అర్జీ ఇంగ్లీషులో ఉండాలి.

మా గల్లీ చివరి ఇంటాయన సెలవు అయిపోయి ఆ గురువారం గల్ఫ్ వెళ్తున్నాడు. మా దగ్గర ఏదైనా పంపాలంటే పోయేవాళ్ల చేతికే ఇస్తాం. మామిడికాయ తొక్కు, బీపీ గోలీలు, పిల్లల ఫోటోలు, కాగితాలు, అన్నీ అట్లాగే పోతాయి. పోస్టు మీద మాకు నమ్మకం లేదు. "బేస్తారం పన్నెండింటి బస్సుకు పోత. ఆలోపు ఇయ్యి చెల్లె, నేనే మీ ఆయన్ను ఎంబసీకి తోల్కపోత" అన్నాడాయన అమ్మతో.

అర్జీ నేనే రాశాను. బుధవారం సాయంత్రం బడి వదిలాక సారుకు చూపించాను. 'అతన్ని మా దగ్గరికి పంపండి' అని రాయబోయి 'సెండ్ హి టు వి' అని రాశాను. ఏడాదంతా అటూ ఇటూ నడిచినదాన్ని! ఆయన నవ్వలేదు. అయిదు చోట్ల ఎర్ర పెన్నుతో పైన సరిగా రాసి, కాగితం నా చేతిలో పెట్టారు.

"అయిపాయె. ఇట్లనే ఇచ్చెయ్ బిడ్డా."

"ఇట్లనా సార్? ఎర్రగీతలున్నయి."

"ఉండనియ్. ఎంబసోళ్లు మార్కులెయ్యరు. మీ బాపు పేరు, పాస్‌పోర్టు నంబరు సాఫ్ ఉన్నయి. గది సాలు. మళ్ల రాసుకుంట కూసోకు."

నేను వినలేదు. నా తప్పులన్నీ ఎర్రగా కనబడుతున్న కాగితం పెద్ద ఆఫీసర్ల చేతికి పోతుందంటే సిగ్గనిపించింది. గురువారం పొద్దున బడి ఎగ్గొట్టి సాఫ్ రాయడానికి కూర్చున్నాను. అమ్మ బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు వెళ్తూ, "కాయితం ఇచ్చినంకనే తిను" అని చెప్పి వెళ్లింది. మొదటి రెండు కాగితాల్లో ఒక్కో అక్షరం పోయింది. చింపి మళ్లీ మొదలుపెట్టాను. మూడోసారి సిరా అంటింది. నాలుగోసారి చివరి వరుసలో బాపు పేరే తప్పు రాశాను. అయిదో కాగితం అచ్చు వేసినట్టు వచ్చింది. దాన్ని పట్టుకుని గల్లీ చివరికి పరిగెత్తితే ఇంటికి తాళం. బస్టాండుకు పరిగెత్తితే బస్సు పోయి చాలాసేపు అయిందన్నారు.

సాయంత్రం అమ్మ అడిగింది. "ఇచ్చినవా?"

"సారు ఇంక దిద్దియ్యలే. ఆయన కాడనే ఉన్నది" అన్నాను. ఆ మాట అంత సులువుగా ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు సారుకు మాత్రం బస్సు పోయిందని నిజం చెప్పాను. అమ్మకు ఏం చెప్పానో కూడా తల దించుకుని చెప్పాను. ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకుని, ఆ ఎండలో గొడుగు కూడా మరిచిపోయి పోస్టాఫీసుకు నడిచారు. అర్జీ చేరేసరికి గడువు అయిపోయింది. ఆ సంగతి మా గల్లీ ఆయన అక్కడి నుంచి ఫోను చేసి చెప్పాడు.

ఆ రోజే అమ్మ బడికి వచ్చింది. నన్ను చెయ్యి పట్టి తరగతిలోంచి బయటకు లాగి, తన పక్కన నిలబెట్టుకుని, సారును పిలిచింది.

"ఏం సారూ! నా మొగని కాయితం నీ కాడ వెట్టుకుంటివట. ఏం దిద్దితివి? నా బతుకు దిద్దితివా?"

సారు చేతిలో సుద్దముక్క ఉంది. నా వైపు చూశారు. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను. ఆ ఒక్క చూపులో ఆయనకు కావలసినంత సమయం ఉంది. నిజం చెప్పడానికి అయితే రెండు మాటలు చాలు.

"నాదే తప్పమ్మా. నేనే ఆలస్యం జేసిన" అన్నారు.

అమ్మ వంగి నేల మీది మన్ను పిడికెడు తీసి ఆయన మీద పోసింది. "నీ సదువు మన్నువడ! నీ ఇంగ్లీషు మన్నుల గల్వ! నా బిడ్డకు తండ్రి లేకుంట జేస్తివి గదరా!" అని గొంతు పోయేలా అరిచింది. కిటికీల నిండా పిల్లలు. సారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను అమ్మ పక్కనే ఉన్నాను.

అమ్మ వెళ్లిపోయాక ఆయన చొక్కా దులుపుకుని లోపలికి వచ్చారు. మొహం తుడుచుకున్నారు. "అల్సిపోయిన పొండి. యాడ ఆపినం?" అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత కూడా నాతో మామూలుగానే ఉన్నారు, ప్రత్యేకంగా జాలి చూపలేదు, దూరం పెట్టలేదు. వారం తర్వాత తరగతిలో ఒక సంగతి చెప్పారు. "ఇగ నుంచి తప్పయితె ఒక గీత గొట్టి పైన రాయుండ్రి. మొత్తం రాసుడు బందు." పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నేను బెంచీ మీద తల పెట్టి ఏడ్చాను.

బాపు మూడేళ్లకు వచ్చాడు. అందులో కొన్ని నెలలు జైలు. వచ్చేసరికి కిడ్నీలు పాడయ్యాయి. ఏడాదిన్నర ఆసుపత్రుల చుట్టూ తిప్పాం, దక్కలేదు. ఆ మూడేళ్లు ముందే వచ్చి ఉంటే బతికేవాడని అమ్మ గట్టి నమ్మకం. డాక్టర్ అట్లా ఏం అనలేదు. అట్లా కాదని కూడా అనలేదు. అమ్మకు బజారులో సారు కనబడితే రోడ్డు దాటి అటు పక్కకు పోయేది. ఆయన మాత్రం ప్రతిసారీ ఆగి, "మంచిగున్నవా అమ్మా" అని అడిగేవారు. అమ్మ ఉమ్మేసేది. పక్కన నేనుంటే నా చెయ్యి పట్టుకుని విసవిసా లాక్కెళ్లేది. నేను వెళ్లేదాన్ని.

నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు అమ్మకు తెలియకుండా సారు ఇంటికి వెళ్లాను. రిటైరై వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన్ని కుర్చీలో కూర్చోగా చూడటం అదే మొదలు.

"జూసినవా, ఇప్పుడు కూసుంటున్న. పండుకునెటోళ్లెవరు లేరు" అని నవ్వారు. అట్ట ముక్కతో చెప్పాలని, అల్లరిపిల్లను మధ్యలో పెట్టాలని నాకు చాలాసేపు చెప్పారు. నేను సగం విన్నాను. చివరికి ఉండబట్టలేక, "సార్, అమ్మకు నిజం చెప్పేస్త" అన్నాను.

ఆయన కుర్చీలో కొంచెం ముందుకు వంగారు.

"చెప్తె చెప్పు బిడ్డా. తిట్లేం బరువా, మోస్త. గని నన్ను తిట్టెటామె ఒక్కతె. ఆమెకున్నది నువ్వొక్కదానివే. జర జూసుకొని చెప్పు."

నాకు గుండె తేలికైంది. అవును, అది సిగ్గుపడాల్సిన విషయమే. చెప్పవద్దని ఆయనే అన్నట్టుగా ఆ మాటను పట్టుకుని ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. ఆయన అట్లా అనలేదు.

ఇవాళ జవాబు పత్రాలు అలమరలో పడేసి, హెచ్‌ఎంకు చెప్పి, నేను పనిచేసే తాడ్వాయి నుంచి స్కూటీ మీద కామారెడ్డిలో ఇప్పుడు మేం ఉంటున్న ఇంటికి వచ్చాను. నేనెంత వద్దన్నా అమ్మ బీడీలు మానలేదు. చాట ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. ఎల్లారెడ్డి నుంచి తన చెల్లెలు, మా చిన్నమ్మ, ఫోను చేసి ముందే చెప్పిందట.

"పోయిండట గదా నీ సారు" అంది తల ఎత్తకుండా. "మా ఆయన్ను మింగి ఇన్నేండ్లు బతికిండు."

నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. బుధవారం, ఎర్రగీతలు, అయిదు కాగితాలు, తాళం, బస్సు, ఆ సాయంత్రం నేను ఆడిన అబద్ధం, అన్నీ చెప్పాను. నా గొంతు పదిహేనేళ్ల పిల్ల గొంతులా వచ్చింది.

"సారు కాయితం ఎన్నడిచ్చిండు నీకు?" అంది చివరికి.

"బుద్దారం. పొద్దుమీకి."

"ఆ దినమే?"

"ఆ దినమే."

అమ్మ చాట పక్కన పెట్టింది. లోపలికి వెళ్లి చీర మార్చుకుని వచ్చింది. చెప్పులు వేసుకుంటోంది. ఎక్కడికని అడగాల్సిన పని లేదు. నేను స్కూటీ తాళం తీసుకున్నాను.

"నువ్వెందుకు?"

"మట్టి టైముకు అందాలె గదమ్మా. దింపుత."

"బస్సుల పోత. ఆయన ఇంటామె ముంగట నేను పడాల్సింది నేను పడ్త."

గేటు దాకా వెళ్లి ఆగింది. నా మీద అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండును. చాలా అలసిపోయిన మనిషిలా, గేటు పట్టుకుని, మెల్లగా అంది.

"నేను ఆయన మీద మన్ను వోస్తుంటె నువ్వు నా పక్కన్నే ఉంటివి గదనే. ఒక్కపారన్న నా చెయ్యి వట్టకపోతివి."